మా లెక్క తీయడానికి ఖర్చు ఎక్కువట!

(లెక్క అడుగుదాం – 9)



పోయిన భాగంలో సబ్‌ప్లాన్ డబ్బు ఎలా దారి మళ్లుతుందో రాశాను. అది చదివి చాలామంది విద్యార్థులు ఇన్‌బాక్స్‌లో దాదాపు ఒకే మాట రాశారు. "అన్నా, మేమూ ఆర్టీఐ వేశాం. మీరడిగిన సమాచారం ఇవ్వాలంటే కార్యాలయ వనరులు పొంతన లేనంతగా మళ్లించాల్సి వస్తుంది, కాబట్టి సెక్షన్ 7(9) ప్రకారం తిరస్కరిస్తున్నాం అని జవాబొచ్చింది. ఇక అంతేనా?"

అంతే కాదు. అసలు కథ అక్కడే మొదలవుతుంది. అందుకే ఈ భాగం మొత్తం ఆ ఒక్క ఉత్తరం మీదే.

నాకూ అదే ఉత్తరం వచ్చింది. ఏ జిల్లా, ఏ ఆఫీసు అన్నది చెప్పను. పేరు చెబితే అది ఆ ఒక్క ఆఫీసు పాపంగా మిగిలిపోతుంది. మీ ఉత్తరాలు చూశాక అర్థమైంది, ఇది ఎక్కడికక్కడ జీరాక్స్ తీసి పంపుతున్న జవాబు.

నేను అడిగింది ఏమిటో చూడండి. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది. దాని రూల్స్ 1995లో వచ్చాయి. అందులో 17వ రూల్ ప్రకారం ప్రతి జిల్లాలో ఒక విజిలెన్స్ అండ్ మానిటరింగ్ కమిటీ ఉండాలి. కలెక్టర్ చైర్మన్. ఎస్పీ సభ్యుడు. ఎంపీ, ఎమ్మెల్యేలు సభ్యులు. సాంఘిక సంక్షేమ అధికారి సభ్య కార్యదర్శి. మూడు నెలలకు కనీసం ఒకసారి కూర్చోవాలి. ఎన్ని కేసులు పెట్టారు, ఎన్నింటిలో ఛార్జిషీటు వేశారు, బాధితులకు పరిహారం అందిందా లేదా, సాక్షుల్ని ఎవరైనా బెదిరిస్తున్నారా, ఇవన్నీ చూడాల్సింది ఆ కమిటీయే.

నా ప్రశ్నలు రెండే. గత పదేళ్లలో ఆ కమిటీ ఏయే తేదీల్లో కూర్చుంది? ఆ సమావేశాల మినిట్స్ కాపీలు ఇస్తారా?

ఏడాదికి నాలుగు సమావేశాలు. పదేళ్లకు నలభై. ఒక్కో సమావేశం మినిట్స్ అయిదు పేజీలు అనుకుందాం. మొత్తం రెండు వందల పేజీలు. పేజీకి రెండు రూపాయల చొప్పున నేను కట్టాల్సింది నాలుగు వందలు. కాగితం ఖర్చు నాదే. జీరాక్స్ ఖర్చు నాదే. జిల్లా యంత్రాంగానికి మిగిలిన ఖర్చు ఏమిటంటే ఒక బీరువా తాళం తీయడం, ఒక ఫైలు దించడం.

దానికి వనరులు సరిపోవట!

సరే, ఆ ఉత్తరంలో వాడిన సెక్షన్ ఏం చెబుతుందో చదువుదాం. మన పిల్లలు సెక్షన్ నంబరు చూసి భయపడతారు. ఆఫీసువాళ్లు ఆ భయం మీదే బతుకుతారు. 7(9) చెప్పేది ఇంతే: సమాచారం ఏ రూపంలో అడిగితే మామూలుగా ఆ రూపంలోనే ఇవ్వాలి. అలా ఇవ్వడం వల్ల ఆఫీసు వనరులు పొంతన లేనంతగా మళ్లించాల్సి వస్తేనో, ఆ రికార్డు పాడవుతుందనుకుంటేనో ఆ రూపంలో ఇవ్వనక్కర్లేదు. రూపం, మిత్రులారా, రూపం! జీరాక్స్ కష్టమైతే సీడీలో ఇవ్వు. సీడీ కష్టమైతే వచ్చి చూసుకోమను. అసలు ఇవ్వనే ఇవ్వను అనే అధికారం ఆ వాక్యంలో ఎక్కడా లేదు. సమాచారం నిరాకరించడానికి కారణాలు 8, 9 సెక్షన్లలో ఉన్నాయి. దేశ భద్రత ఉంది, వ్యాపార రహస్యం ఉంది, దర్యాప్తుకు ఆటంకం ఉంది. "మాకు పని ఎక్కువ" అనే కారణం ఆ జాబితాలో లేదు. 7(9) నిరాకరణకు దారి కాదని, రూపం మార్చే వెసులుబాటు మాత్రమేనని 2010లోనే కేరళ హైకోర్టు తేల్చి చెప్పింది.

ఖర్చు పేరుతో నిరాకరించే చట్టాలు లోకంలో లేవా అంటే ఉన్నాయి. బ్రిటన్‌లో 2000లో చేసిన సమాచార స్వేచ్ఛ చట్టంలో 12వ సెక్షన్ అదే. కేంద్ర ప్రభుత్వ శాఖలకు 600 పౌండ్లు, మిగతా సంస్థలకు 450 పౌండ్లు హద్దు. గంటకు 25 పౌండ్ల చొప్పున కడతారు. అంటే 24 గంటల పని, లేదా 18 గంటల పని. అది దాటితే కాదనవచ్చు. ఆ పద్ధతి మీద అక్కడివాళ్లకూ కోపం ఉంది. కానీ కనీసం అంకె ఉంది. ఎన్ని గంటలు పడుతుందో అధికారి అంచనా కట్టాలి. మన చట్టం దాని తర్వాత ఐదేళ్లకు, 2005లో వచ్చింది. అలాంటి హద్దు ఏదీ మన పార్లమెంటు రాయలేదు. పార్లమెంటు రాయని సెక్షన్‌ను మన ఆఫీసులు సొంతంగా రాసుకున్నాయి. అంకె లేకుండా, అంచనా లేకుండా, ఒక్క లైనులో!

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. వెతకడం ఎందుకు కష్టమైంది?

సమాచార హక్కు చట్టం 4వ సెక్షన్ తెరవండి. రికార్డులన్నీ జాబితా వేసి, ఇండెక్స్ చేసి, వీలైనవి కంప్యూటర్‌లో పెట్టమని మొదటి మాటే ఉంది. అదే సెక్షన్‌లో ఎవరూ అడగకుండానే ప్రకటించాల్సిన పదిహేడు అంశాలున్నాయి. ఏ కమిటీలున్నాయి, వాటి సమావేశాల మినిట్స్ ప్రజలకు అందుబాటులో ఉంటాయా లేదా అన్నది ఆ పదిహేడులో ఒకటి. బడ్జెట్ కేటాయింపు, ఖర్చు మరొకటి. సబ్సిడీ పథకాల లబ్ధిదారుల వివరాలు ఇంకొకటి. ఇవన్నీ చట్టం వచ్చిన 120 రోజుల్లో ప్రకటించాలన్నారు. జనం ఆర్టీఐ వేయాల్సిన అవసరమే తగ్గాలని ఆ సెక్షన్ ఉద్దేశం.

అంటే వాళ్లు మనకు చెబుతున్నది ఇది: "మేం ఇరవై ఏళ్లుగా చేయాల్సిన పని చేయలేదు. అది పేరుకుపోయింది. ఇప్పుడు నువ్వు అడిగితే అంతా ఒక్కసారి చేయాల్సి వస్తుంది. కాబట్టి తప్పు నీది." ఇల్లు ఊడ్వనివాడు, వచ్చిన చుట్టం కాళ్లకు దుమ్ము అంటిందని చుట్టాన్నే తిట్టినట్టుంది!

ఖర్చు మన ప్రశ్నది కాదు. వాళ్ల నిర్లక్ష్యానిది. ఆ బిల్లు మన పేరు మీద రాస్తున్నారు.

ఇది మనకు కొత్త కాదు. ఊళ్లో కరణం పెత్తనం నడిచిన రోజుల గురించి పెద్దవాళ్లను అడగండి. తెలంగాణలోనైతే పట్వారీ. ఎవరి పొలం ఎంత, ఎవరు ఎంత శిస్తు బాకీ, ఏ పోరంబోకు ఎవరి చేతిలో ఉంది, అంతా ఆయన దస్తరంలోనే. జమాబందికి పిలుపొస్తే ఆ దస్తరం మూట నెత్తిన పెట్టుకుని నడిచింది మా వెట్టి తాతలు. మోసే బాధ్యత మాది. విప్పి చదివే హక్కు మాది కాదు. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం ఆ వంశపారంపర్య పదవులు రద్దు చేసింది. కరణాలు పోయారు. కరణీకం పోలేదు. దస్తరం బీరువాలోకి మారింది, తాళంచెవి పాత చేతుల్లోనే ఉంది.

నేను మొదటి అప్పీలు వేశాను. అప్పీలు అధికారి మర్యాదగానే మాట్లాడారు. "మాకు సిబ్బంది లేరండీ. నలుగురు చేసే పని ఇద్దరు చేస్తున్నారు" అన్నారు. నేను నమ్మాను. నిజంగానే ఆ గదిలో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. అందుకే రెండో దరఖాస్తు వేశాను. "మీ ఆఫీసు రోస్టర్ రిజిస్టర్ చూపించండి. ఎస్సీ, ఎస్టీ పాయింట్లలో ఎన్ని నింపారు, ఎన్ని బ్యాక్‌లాగ్‌లో ఉన్నాయి చూసుకుంటాను" అని అడిగాను. మన రాష్ట్రాల్లో వంద పాయింట్ల రోస్టర్. నంబరు, కేటగిరీ, నింపిన తేదీ. అదంతా రిజిస్టర్‌లో రాసే ఉంటుంది.

జవాబు? మళ్లీ 7(9).

ఈ గుండ్రాన్ని గమనించండి. మన పోస్టులు నింపరు. నింపరు కాబట్టి సిబ్బంది ఉండరు. సిబ్బంది లేరు కాబట్టి మన పోస్టులు ఎన్ని నింపలేదో చెప్పలేరు! దున్నపోతు ఈనిందంటే దూడను కట్టేయమన్నట్టు, ఈ వాదనను మనం తల ఊపి ఒప్పుకోవాలట.

ఆ రోజు వరండాలో ఒక ఉద్యోగి నా పక్కకు వచ్చి నిలబడ్డాడు. ఎవరో చెప్పను, వాడనుంచి చదువుకుని వచ్చినవాడే. నెమ్మదిగా అన్నాడు: "అన్నా, వెతకడం కష్టమై కాదు. వెతికితే దొరికేది లేదు."

మిత్రులారా, 7(9) వెనక చాలాసార్లు ఉండేది ఇదే. నలభై సమావేశాలు జరగాల్సిన చోట నలభై మినిట్స్ ఉంటే అవి ఇవ్వడానికి ఒక పూట చాలు. జరగని సమావేశానికి మినిట్స్ ఇవ్వాలంటేనే ఖర్చు ఎక్కువ. "లేవు" అని రాసిస్తే 17వ రూల్ ఉల్లంఘించామని కలెక్టర్ సంతకంతో ఒప్పుకున్నట్టు. ఆ ఒక్క మాట రాయకుండా తప్పించుకోవడానికే ఇన్ని మాటలు. వాళ్లు ఆదా చేస్తున్నది సిబ్బంది గంటలు కాదు, ఆ ఒక్క మాట.

ఆ ఒక్క మాట విలువ ఎంతో మనకు తెలుసు. కేసు పెట్టిన బాధితురాలు పరిహారం కోసం ఆఫీసు చుట్టూ తిరుగుతూ ఉంటుంది. సాక్షి ఊరు వదిలిపోతాడు. నిందితుడు బెయిలు మీద వచ్చి అదే వీధిలో మీసం దువ్వుతాడు. ఇవన్నీ మూడు నెలలకోసారి ఒక బల్ల మీదకు రావాలని రూల్ రాశారు. ఆ బల్ల దగ్గర ఎవరూ కూర్చోలేదని తేలితే, మన వాడల్లో జరిగినవి పోలీసు వైఫల్యం మాత్రమే కాదు, జిల్లా మొత్తం కళ్లు మూసుకున్న నేరం అని రుజువవుతుంది.

లెక్క బయటపడితే ఏమవుతుందో ఢిల్లీని చూడండి. కామన్వెల్త్ క్రీడల కోసం ఎస్సీల స్పెషల్ కాంపొనెంట్ ప్లాన్ నుంచి 744 కోట్లు మళ్లించారని 2010లో బయటపెట్టింది ఆర్టీఐ జవాబులే. హక్కుల సంఘాలు కాగితం మీద కాగితం పేర్చి చూపించాయి. పార్లమెంటు అట్టుడికింది. హోంమంత్రి చిదంబరం రాజ్యసభలో ఆ మళ్లింపు తప్పేనని ఒప్పుకోవాల్సి వచ్చింది. ఆ దరఖాస్తులకు ఎవరో "వనరులు సరిపోవు" అని రాసి, మనవాళ్లు తల వంచుకుని వెళ్లిపోయి ఉంటే? మన పిల్లల హాస్టళ్ల డబ్బు స్టేడియం లైట్లుగా వెలిగిందని మనకు ఎప్పటికీ తెలిసేది కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013లో సబ్‌ప్లాన్ చట్టం సాధించుకున్నదీ లెక్కలు చేత పట్టుకునే. ఖాళీ చేతులతో అడిగితే దయ అంటారు. లెక్కతో అడిగితే హక్కు అంటారు.

ఇక ఎదుటివాళ్ల వాదన. దాన్ని దాచిపెట్టి గెలవాలని నాకు లేదు.

అధికారులు సుప్రీంకోర్టు 2011 తీర్పు ఒకటి చూపిస్తారు. సీబీఎస్‌ఈకి, ఆదిత్య బందోపాధ్యాయ అనే విద్యార్థికి మధ్య నడిచిన కేసు. అడ్డూ అదుపూ లేని దరఖాస్తులు పాలనను కుంటుపరుస్తాయని, సిబ్బందిలో 75 శాతం మంది తమ సమయంలో 75 శాతం సమాచారం వెతకడానికే వెచ్చించే పరిస్థితి దేశం కోరుకోదని అందులో రాశారు. ఈ పేరా ప్రతి పీఐఓకీ కంఠోపాఠం. కానీ ఆ కేసులో గెలిచింది ఎవరు? విద్యార్థి! దిద్దిన జవాబు పత్రం చూసుకునే హక్కు పరీక్ష రాసిన వాడికి ఉందని కోర్టు తీర్పిచ్చింది. లక్షల జవాబు పత్రాలున్న బోర్డుకు ఆ హక్కు భారం కాలేదు, నలభై సమావేశాలున్న జిల్లాకు భారమైంది. తీర్పు వదిలేసి పేరా పట్టుకుని వేలాడటం చదువుకున్నవాళ్లు చేయాల్సిన పని కాదు.

ఇంకో మాట కూడా అంటారు. ఆర్టీఐ పేరుతో బెదిరించి డబ్బు గుంజేవాళ్లు ఉన్నారని. ఉన్నారు. కేసుల పేరుతో బెదిరించేవాళ్లూ ఉన్నారు, అందుకని కోర్టులకు తాళం వేశారా? పైగా అలాంటివాడి నోరు మూయించే మందు ఒక్కటే, అన్నీ ముందే బయటపెట్టడం. అందరికీ తెలిసిన దాన్ని చూపించి ఎవడూ ఎవరినీ బెదిరించలేడు.

భారం అనే మాట ఎంత సాగుతుందో కులగణన దగ్గర చూశాం. 2021 సెప్టెంబరులో కేంద్రం సుప్రీంకోర్టుకు చెప్పింది ఏమిటి? బీసీ కులాల లెక్క తీయడం పాలనాపరంగా కష్టం, పెద్ద భారం అని. నాలుగేళ్లు తిరగకుండా, 2025 ఏప్రిల్ 30న అదే కేంద్రం జనగణనలో కులాల లెక్క తీస్తామని నిర్ణయించింది. ఈలోగా 2024 నవంబరులో తెలంగాణ ఇంటింటికీ ఎన్యూమరేటర్లను పంపి సర్వే మొదలుపెట్టింది. ఆ నాలుగేళ్లలో జనాభా తగ్గిందా? కులాలు తగ్గాయా? తగ్గింది భారం కాదు, పెరిగింది ఒత్తిడి. ఉపాధి హామీ పనుల్లో కూలీల మస్టర్లు, చెల్లింపులు ఊరువారీగా వెబ్‌సైట్‌లో పెట్టి, సోషల్ ఆడిట్ చేసి చూపించింది ఈ నేలే కదా. ఆ ప్రభుత్వ యంత్రమే ఇది. అది తలుచుకుంటే ఊరూరి లెక్క వస్తుంది. తలుచుకోకపోతే ఒక కమిటీ తేదీలు కూడా రావు.

ఆ గుమాస్తా మీద నాకు కోపం లేదు. చాలాచోట్ల పీఐఓ కుర్చీలో మనవాడినే కూర్చోబెడతారు. రికార్డు దాచేది పైవాడు, సెక్షన్ 20 కింద రోజుకు 250 రూపాయల జరిమానా జీతంలోంచి కట్టేది కిందివాడు. మన పోరాటం ఆ బల్ల అవతల కూర్చున్న మనవాడి తరఫున కూడా.

ఇప్పుడు పని గురించి. విద్యార్థులు ఇది జాగ్రత్తగా చదవండి.

ఒకటి. "లెక్క కట్టి ఇవ్వండి" అని అడగొద్దు. తమ దగ్గర లేని పట్టికను కొత్తగా తయారుచేసి ఇవ్వాల్సిన అవసరం ఆఫీసుకు లేదని పైన చెప్పిన తీర్పే అంటుంది. కాబట్టి రిజిస్టర్ అడగండి, ఫైలు అడగండి, మినిట్స్ అడగండి. లెక్క మనం కట్టుకుందాం. మనకు కూడికలు వచ్చు.

రెండు. దరఖాస్తులోనే ఒక వాక్యం చేర్చండి: కాపీలు ఇవ్వడం కష్టమైతే సెక్షన్ 2(జె) ప్రకారం రికార్డులు స్వయంగా తనిఖీ చేస్తాను, తేదీ చెప్పండి. ఈ వాక్యం ఉంటే 7(9)కి కాలు మోపే చోటు ఉండదు. కేంద్ర ప్రభుత్వ రూల్స్‌లో తనిఖీకి మొదటి గంట ఫీజు కూడా లేదు. నలుగురు వెళ్లండి. నోట్సు రాసుకోండి.

మూడు. తిరస్కరణ వస్తే పారేయకండి. కారణం, అప్పీలు గడువు, అప్పీలు అధికారి వివరాలు ఆ ఉత్తరంలో ఉండాలని 7(8) చెబుతుంది. లేకపోతే అదే మీ అప్పీలులో మొదటి పాయింటు. మొదటి అప్పీలుకు 30 రోజులు, కమిషన్‌కు రెండో అప్పీలుకు 90 రోజులు గడువు. నిరాకరణ సరైనదేనని రుజువు చేసుకునే భారం అధికారిదేనని 19(5) అంటుంది. ఎన్ని పేజీలు, ఎన్ని గంటలు, ఎంతమంది, అంకెలతో చెప్పమనండి. మీరు ఎందుకు అడుగుతున్నారో చెప్పాల్సిన పని మాత్రం మీకు లేదు.

నాలుగు. కమిషన్ దగ్గర సమాచారం ఒక్కటే అడిగి ఊరుకోవద్దు. రికార్డులు సక్రమంగా పెట్టమని, 4వ సెక్షన్ ప్రకారం ప్రకటించమని ఆదేశించే అధికారం 19(8) కింద కమిషన్‌కు ఉంది. అది కూడా రాసి అడగండి. మన తర్వాత వచ్చే పిల్లవాడు మళ్లీ ఇదే ఉత్తరం అందుకోకూడదు.

అయిదు. ప్రతి 7(9) ఉత్తరాన్నీ దాచండి. జిల్లా, శాఖ, అడిగింది ఏమిటి, తేదీ, ఈ నాలుగూ రాసి ఉంచండి. వాళ్లు మన లెక్క రాయకపోతే, వాళ్ల నిరాకరణల లెక్క మనం రాద్దాం.

1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో బాబాసాహెబ్ ఒక హెచ్చరిక చేశారు. రాజ్యాంగంలో ఒక్క అక్షరం మార్చకుండానే, పాలన పద్ధతి మార్చి దాన్ని వక్రీకరించవచ్చని. సమాచార హక్కు చట్టం 7(9)లో ఎవరూ ఒక్క అక్షరం మార్చలేదు. ఒక రబ్బరు స్టాంపు, ఒక లైను జవాబు, అంతే. చట్టం పుస్తకంలో బతికే ఉంది, కౌంటర్ దగ్గర చచ్చిపోయింది. దాన్ని కౌంటర్ దగ్గరే బతికించాలి.

నా రెండో అప్పీలు కమిషన్ దగ్గర ఉంది. నంబరు వచ్చింది, తేదీ రాలేదు. వచ్చిన రోజు నేను వెళతాను. ఈలోగా మీ జిల్లాలో మీరు అదే ప్రశ్న వేయండి. విజిలెన్స్ అండ్ మానిటరింగ్ కమిటీ ఏ తేదీల్లో కూర్చుంది? ఒక్క జిల్లా అడిగితే భారం అంటారు. అన్ని జిల్లాలూ అడిగితే జవాబు అంటారు.

వచ్చే భాగంలో రోస్టర్ రిజిస్టర్ చదవడం ఎలాగో రాస్తాను. నోటుబుక్కు దగ్గర పెట్టుకోండి.

జై భీమ్.